చిప్స్, కూల్‌డ్రింకు, మంచూరియా: తప్పు తినేవాడిదా, అమ్మేవాడిదా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. ఒడిశా రాయగడలో ఉంటారు, బాబుకి పన్నెండేళ్లు. బరువు పెరిగాడు, స్కానింగ్ తీస్తే ఫ్యాటీ లివర్ మొదలైందన్నారు. మీ బావగారేమో "నోరు కట్టుకోలేక కంపెనీలను తిడితే ఏం లాభం, పెంపకంలో ఉంది లోపం" అంటున్నారు. మీకేమో ఊరంతా ఆ ప్యాకెట్లతో నింపేసినవాళ్లని ఎవరూ ఏమీ అనరేం అని కోపం. తప్పెవరిది, కంపెనీల మీద కేసు వేసే దారి ఉందా అన్నది ప్రశ్న.

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. పన్నెండేళ్ల పిల్లాడికి "ఎవరి తిండికి వాళ్లే బాధ్యులు" అన్న మాట అసలు వర్తించదు, ఆ మాట వాడి చెవిన పడనివ్వకండి కూడా. పెద్దవాళ్ల విషయంలో రెండు వైపులా తప్పుంది, అయితే చెరిసగం కాదు. ప్యాకెట్లో ఏం పడాలి, ఎంత పడాలి, ఎంతకమ్మాలి, కొట్లో ఏ ఎత్తున వేలాడాలి, ఇవన్నీ కంపెనీ చేతిలోవి. అది మీ గుమ్మం దాటి లోపలికి రావాలా వద్దా అన్నది చాలావరకు మీ చేతిలోది. ఎవరి చేతిలో ఉన్నదానికి వాళ్లు జవాబు చెప్పాలి, నా లెక్క అంతే. కేసు సంగతి కింద రాస్తాను, దాని మీద పెద్దగా ఆశ పెట్టుకోకండి.

నేను డాక్టర్ని కాదమ్మా. లివర్ గురించి మీ డాక్టరుగారు చెప్పిందే వినండి. నాకు తెలిసింది సరుకు. గుణుపురంలో ఒక స్టాకిస్టు దగ్గర చిప్స్, బిస్కెట్లు, కూల్‌డ్రింకుల లైను, అంటే కొట్టుకొట్టుకీ తిరిగి ఆర్డర్లు రాసుకునే పని, చాలా ఏళ్లు చూశాను, అటు బిస్సంకటక్, మునిగుడ, ఇటు కాశీనగర్, పర్లాకిమిడి దాకా. ఇప్పుడు సొంతంగా హోల్‌సేల్ కిరాణా. కాబట్టి మీ బావగారు "కొనకపోతే సరి కదా" అన్నప్పుడు ఆ కొనడం వెనక ఏం జరుగుతుందో నాకు కాస్త దగ్గరగా తెలుసు, అదే రాస్తాను.

కొట్లో ఏదీ ఊరికే వేలాడదు. మీ వీధి చివర కొట్టుకి వెళ్లి ఒకసారి నిదానంగా చూడండి. చిప్స్ ప్యాకెట్లు దండలాగా గుమ్మానికి వేలాడుతుంటాయి, వాటిలో ఐదు రూపాయలవి కిందికి, అంటే సరిగ్గా పిల్లాడి మొహం దగ్గరికి వచ్చేలా. ఆ దండ కట్టింది కొట్టు నడిపే సావుకారు కాదు, లైను మీద వెళ్లిన మేమే. ఆర్డరు రాసుకోవడం ఎంత పనో, దండ ఎక్కడ వేలాడుతోందో చూసి ఫొటో తీసి పంపడం కూడా అంత పనే. పెద్ద కొట్లకైతే ఆ జాగాకి నెలకింత అని డిస్‌ప్లే డబ్బులు కూడా ఉంటాయి. ఫ్రిజ్ సంగతి ఇంకా బాగుంటుంది. కంపెనీ ఇస్తుంది, కరెంటు బిల్లు సావుకారుది, లోపల పెట్టాల్సింది మాత్రం కంపెనీ సీసాలే. మజ్జిగ ప్యాకెట్లు పెట్టుకున్నా అట్టడుగు అరలో వెనక్కి పెట్టాలి, సూపర్‌వైజరు వచ్చే రోజున అవీ బయటికే.

గుణుపురం దగ్గర ఒక స్కూలుకి ఎదురుగా పెద్దాయన ఒకరు కొట్టు నడిపేవారు, మనవలున్న మనిషి. "ఈ చెత్త తిని పిల్లలు అన్నం మానేస్తున్నారు బాబూ" అని ఆయనకే బెంగ. ఒక ఏడాది కౌంటరు మీద గాజు సీసాల్లో వేరుశనగ ఉండలు, ఉడికించిన శనగలు పెట్టారు. పొద్దున్న బాగానే పోయేవి. వానలు పట్టగానే ఉండలు మెత్తబడ్డాయి, శనగలు సాయంత్రానికి వాసనొచ్చేవి, పారబోసినదంతా ఆయన నష్టమే. అదే చిప్స్ ప్యాకెట్ డేటు దాటిపోతే మేం వెనక్కి తీసుకుని కొత్తది ఇచ్చేవాళ్లం. ఇంకో కంపెనీ కుర్రాడు వచ్చినప్పుడల్లా ఆ సీసాల్ని పక్కకి జరిపి తన స్టాండు ముందుకి పెట్టేవాడు. ఆయన మళ్లీ ముందుకి లాగేవారు. చివరికి ఏది మిగిలిందో చెప్పక్కర్లేదు. అరటిపండు కొట్లో ఎందుకు ఉండదంటే సావుకారుకి బుద్ధి లేక కాదు, పండు కుళ్లితే వెనక్కి తీసుకునే కంపెనీ లేక.

ఇక ఐదు రూపాయల సంగతి. బంగాళాదుంపల ధర పెరిగింది, నూనె ధర రెట్టింపయి మళ్లీ దిగింది, ఆ ప్యాకెట్ ధర మాత్రం ఐదే. లోపల గ్రాములు తగ్గుతాయి, పెరుగుతాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి మిక్చర్, భుజియా లాంటివాటికి జీఎస్టీ 12 శాతం నుంచి 5కి, బిస్కెట్లకి 18 నుంచి 5కి దించారు కదా, అప్పుడు కూడా చాలా చిన్న ప్యాకెట్లలో ధర దింపలేదు, గ్రాములు పెంచారు. ఎందుకంటే స్కూలుకెళ్లే పిల్లాడి చేతిలో పెట్టేది ఐదో పదో, నాలుగున్నర కాదు. ఇంత లెక్క కట్టి పిల్లాడి జేబు మీద పనిచేసే వాళ్లు ఒకవైపు, ఆకలేసి గేటు బయటికొచ్చిన పిల్లాడు ఒకవైపు. ఇందులో "వాడికి నోరు కట్టుకోవడం రాదు" అనడం నాకు నవ్వొస్తుంది.

మీ బావగారికి ఇంకో మాట చెప్పండి. హైదరాబాద్‌లో జాతీయ పోషకాహార సంస్థ ఉంది, 2024 మేలో కొత్త ఆహార మార్గదర్శకాలు విడుదల చేసింది. దేశంలో మొత్తం జబ్బుల భారంలో 56.4 శాతం సరైన తిండి లేకపోవడం వల్లేనని అందులో అంచనా. సగానికి పైగా మాట అది. ఇంతమంది పెంపకం ఒకేసారి చెడిపోయిందా?

అలాగని మీ బావగారిది పూర్తిగా తప్పు అనను. ఆయన మాటలో నిజం ఉన్న చోట్లు చెప్తాను, మీకు నచ్చకపోయినా.

ఒకటి, మన ఊళ్లలో ఫాస్ట్ ఫుడ్ అంటే సగం కంపెనీదే కాదు. అమెరికాలో ఈ గొడవ పెద్ద కంపెనీల మీద నడిచింది. రాయగడలో సాయంత్రం ఆరు దాటాక ఫాస్ట్ ఫుడ్ అంటే బండి. ఫ్రైడ్ రైస్, నూడుల్స్, చికెన్ పకోడీ, ఎర్రగా మెరిసే మంచూరియా. ఆ బండివాడు మన పక్కింటి అబ్బాయే, ఏ కంపెనీ ఉద్యోగీ కాదు, రోజు గడవడానికి పెట్టుకున్నాడు. మూకుడులో నూనె నిన్నటిది మొన్నటిది కలిసి నల్లగా, నురగ కట్టి ఉంటుంది. వేయించే నూనెలో పాడైన పదార్థాలు, వాళ్ల భాషలో టోటల్ పోలార్ కాంపౌండ్స్, 25 శాతం దాటితే వాడకూడదని 2018 జులై నుంచి ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఎఐ రూలుంది, బండి దగ్గర దాన్ని కొలిచేవాళ్లెవరు? ఆ ఎరుపు కూడా అంతే. కర్ణాటకలో 2024 మార్చిలో గోబీ మంచూరియాలో కృత్రిమ రంగులు నిషేధించారు, పరీక్షల్లో హానికరమైన రంగులు దొరికాయని. అందరూ బండి మీద టేస్టింగ్ సాల్ట్‌ని తిడతారు గానీ నన్నడిగితే దానికంటే ఆ నూనె, ఆ రంగు, సాసుల్లోని ఉప్పు గురించి ఎక్కువ భయపడాలి.

రెండు, మన మర్యాదలు. చుట్టం ఇంటికొస్తే పిల్లాణ్ణి పరుగెత్తించి కూల్‌డ్రింకు తెప్పించకపోతే మన దగ్గర తక్కువగా చూస్తారు. పిల్లలున్న ఇంటికి వెళ్తూ ఒకప్పుడు పళ్లు పట్టుకెళ్లేవాళ్లం, ఇప్పుడు చిప్స్ ప్యాకెట్ల కవరు. ఏడుస్తున్న పిల్లాడి చేతిలో పది రూపాయలు పెట్టి కొట్టుకి పంపడం కంపెనీ నేర్పలేదు, మనకి తీరిక లేక చేస్తున్నాం. లోపలి పల్లెల వైపు సంతలకి వెళ్లినప్పుడు చూసేవాణ్ణి. సొరకాయ బుర్రలో చోడి (రాగి) అంబలి తెచ్చుకున్న ఆడవాళ్లే తాము అది తాగి, పిల్లలకి మాత్రం ముచ్చటగా రంగు డ్రింకు కొనిపెట్టేవాళ్లు. ప్రేమతోనే. తన నోటికి అంబలి, బిడ్డ నోటికి సీసా.

మూడు, ఇంట్లో చేసిందల్లా మంచిదేం కాదు. బరంపురం అప్పడాలూ ఆవకాయా అంటే నాకూ ప్రాణమే, ఉప్పు విషయంలో అవి ఏ ప్యాకెట్‌కీ తీసిపోవు. ఇంటి పకోడీ కూడా నూనెలోంచే వస్తుంది. తేడా ఏమిటంటే ఇంట్లో ఉప్పు ఎంత వేశారో మీకు తెలుసు, ఒకరోజు వద్దనుకుంటే ఆపగలరు.

ఇప్పుడు కేసు సంగతి. మీరు తలచుకున్నది ఇంతకుముందు ఒకరు చేశారు. 2002లో న్యూయార్క్‌లో ఇద్దరు టీనేజి అమ్మాయిల తరఫున మెక్‌డొనాల్డ్స్ మీద దావా వేశారు, మీ తిండి వల్లే మాకు లావు, జబ్బులు అని. జడ్జి రాబర్ట్ స్వీట్ 2003 జనవరిలో కొట్టేశారు. ఎక్కువ తింటే లావవుతామని తెలిసీ, తెలియాల్సి ఉండీ తింటే, ఎవరి అతి నుంచి వాళ్లని కాపాడటం చట్టం పని కాదన్నది ఆయన మాట సారాంశం. ఇక్కడి వరకే చదివి మీ బావగారిలాంటివాళ్లు చప్పట్లు కొడతారు. కానీ అదే తీర్పులో చికెన్ నగ్గెట్స్ గురించి ఆయన ఇంకోటి కూడా అన్నారు. ఇది మామూలు కోడి మాంసం వేపుడు కాదు, ఇంట్లో వంట చేసేవాళ్లు ఎప్పుడూ వాడని రకరకాల పదార్థాలు కలిపి తయారుచేసిన వస్తువు, ఇందులో ఏముందో మామూలు మనిషికి ఎలా తెలుస్తుంది అని. అంటే తెలిసి తింటే నీది, తెలియకుండా చేస్తే వాడిది అన్న గీత ఆయనే గీశారు. ఆ కేసు పై కోర్టుకి వెళ్లి 2005లో కొంత బతికింది, 2010లో అందరి తరఫున ఒకే కేసుగా నడపడం కుదరదనడంతో నీరుగారింది. ఒక్కొక్కరికి జబ్బు దేనివల్ల వచ్చిందో విడివిడిగా తేల్చాలి మరి. మధ్యలో 2004 మార్చిలో, ఇలాంటి కేసులే వేయకూడదని అక్కడి ప్రతినిధుల సభ బిల్లు పాస్ చేసింది, సెనేట్‌లో అది ముందుకి పోలేదు.

మీకూ అదే ఇబ్బంది వస్తుంది. బాబు తిన్నది ఒక్క కంపెనీ ప్యాకెట్ కాదు, బండి మంచూరియా ఉంది, ఇంటి స్వీట్లున్నాయి, ఆట తగ్గి ఫోన్ పెరిగింది. ఫలానా ప్యాకెట్ వల్లే లివర్‌కి కొవ్వు పట్టిందని ఏ లాయరూ నిరూపించలేడు. డబ్బు, టైము వృథా, పైగా టెన్షన్.

అయితే ఆ జడ్జి గీసిన గీత మన దగ్గర ఎక్కడ పడుతుందో చూడండి. ఆరోగ్యం చెడగొట్టేంత ఉప్పు, చక్కెర ఉందని మనకి తెలియజేస్తున్నారా? ప్యాకెట్ వెనక చీమ తలకాయంత అక్షరాల్లో పట్టిక ఉంటుంది. రూలు ప్రకారం అది ఇంగ్లిషులోనో దేవనాగరి హిందీలోనో ఉంటే చాలు. మన సరిహద్దు ఊళ్లలో ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా, మా అమ్మలాంటివాళ్లకి ఇంగ్లిషు, హిందీ రెండూ చదవడం రాదు. టీవీలో యాడ్ మాత్రం చక్కటి తెలుగులో వస్తుంది, ఛానెల్ మారిస్తే ఒడియాలో వస్తుంది. అమ్ముకోడానికి మన భాష వచ్చు, చక్కెర ఎంతో చెప్పడానికి రాదు. నా దృష్టిలో కంపెనీల మీద గట్టిగా నిలబడే ఆరోపణ ఇదే, రుచిగా చేసి అమ్మారన్నది కాదు.

చిలీలో 2016 నుంచి ప్యాకెట్ ముందు వైపే నల్లటి ఎనిమిది పలకల గుర్తు వేస్తారు, చక్కెర ఎక్కువ, ఉప్పు ఎక్కువ అని. అలాంటి గుర్తు పడిన ప్యాకెట్ మీద పిల్లల్ని ఆకట్టుకునే కార్టూన్ బొమ్మలు వేయకూడదు, స్కూళ్లలో అమ్మకూడదు. మన దగ్గర 2022లో ప్యాకెట్ ముందు వైపు నక్షత్రాల రేటింగు వేయాలని ముసాయిదా వచ్చింది, దాని మీద గొడవ నడిచింది, 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు మూడు నెలల్లో తేల్చమంది, తర్వాత ఆ గడువు పెరిగింది. నక్షత్రాలంటే నాకు నమ్మకం తక్కువ, ఎందుకంటే చెడ్డ సరుక్కి కూడా ఒకటో రెండో నక్షత్రాలు వస్తాయి, కొట్లో నక్షత్రం చూసినవాడు మంచిదనే అనుకుంటాడు.

పన్నుల్లో కూడా మనది తిరకాసే. బ్రిటన్‌లో 2018 ఏప్రిల్ నుంచి 100 మిల్లీలీటర్లకి 5 గ్రాములు, ఆపైన చక్కెర ఉన్న డ్రింకు మీద పన్ను వేశారు, 8, ఆపైన ఉంటే ఇంకా ఎక్కువ. ఆ పన్ను తప్పించుకోడానికి చాలా కంపెనీలు ముందే చక్కెర తగ్గించేశాయి. మనం గ్యాస్ డ్రింకులన్నిటికీ, చక్కెర ఉన్నా లేకపోయినా, 40 శాతం వేశాం. గ్యాస్ లేని మామిడి డ్రింకులకేమో 12 నుంచి 5కి దించాం, వాటిలో కొన్ని చక్కెరలో కోలాకి ఏమాత్రం తీసిపోవు. చక్కెర తగ్గించినవాడికి లాభం లేనప్పుడు ఎవడు తగ్గిస్తాడు? ఇది కంపెనీ తప్పు కూడా కాదు, పన్ను రాసినవాళ్లది.

సరే, మీ బాబు సంగతికొద్దాం.

లేబుల్ చూడటం మీరు నేర్చుకుని వాడికి నేర్పండి, లెక్కల్లో ఇష్టముంటే సరదాగా చేస్తాడు. చక్కెర 100 మిల్లీలీటర్లకి ఎంతో రాసి ఉంటుంది, సీసా మొత్తానికి లెక్క వేయండి. 10.6 గ్రాములు అని ఉన్న 250 మిల్లీలీటర్ల సీసాలో ఇరవై ఆరున్నర గ్రాములు, ఆరు చెంచాల దాకా. అదనపు చక్కెర రోజుకి 25 గ్రాముల లోపు ఉంటే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది, అంటే ఒక్క సీసాతో రోజు కోటా అయిపోయింది. ఉప్పుకి సోడియం అంకె చూసి రెండున్నరతో గుణించండి. నూడుల్స్ ప్యాకెట్ మీద 900 మిల్లీగ్రాములు అని ఉంటే రెండుంబావు గ్రాముల ఉప్పు, పెద్దవాళ్లకే రోజంతా కలిపి 5 గ్రాములు దాటొద్దంటారు. "ఒక సర్వింగ్‌కి" అని రాసి ఉంటే ప్యాకెట్లో ఎన్ని సర్వింగులో చూడండి, మోసం ఎక్కువగా అక్కడే ఉంటుంది. "హెల్త్ డ్రింక్" అన్న పేరుకి మన ఆహార చట్టంలో నిర్వచనమే లేదు, 2024 ఏప్రిల్‌లో ఆన్‌లైన్ అమ్మకాల సైట్లని ఆ పేరు తీసేయమని కేంద్రం చెప్పింది, కాబట్టి పాలల్లో కలిపే పొడి డబ్బా వెనక కూడా ఓసారి చూడండి.

పూర్తిగా బంద్ పెట్టొద్దు, దొంగచాటుగా తింటాడు. మా అన్నయ్యగారింట్లో అలాగే చేస్తే పిల్ల స్నేహితురాలి బ్యాగులో దాచుకుని తినేది. కూల్‌డ్రింకు ముందు ఆపండి, అది తేలిక, ఆకలి తీర్చేది కాదు కాబట్టి. చేతికి డబ్బులివ్వడం తగ్గించి స్కూలు వదలగానే తినడానికి ఏదో ఒకటి చేతిలో ఉండేలా చూడండి. మరమరాల్లో ఉల్లిపాయ, వేయించిన వేరుశనగలు కలిపి ఇచ్చినా చాలు, ఉడికించిన గుడ్డయినా సరే. ఆకలితో కొట్టు ముందు నుంచి నడిచే పిల్లాడికి ఏ నీతీ పనిచేయదు. బండి తిండి వారానికి ఒకరోజు, మీరు పక్కనుండగా, నూనె రంగు చూసి. వాడి ఎదురుగా మీ ఇంట్లో పెద్దవాళ్లు కూడా సీసాలు తెరవకూడదు. బావగారితో సహా.

స్కూలు దగ్గర మాత్రం మీకు గట్టి పట్టు ఉంది, దాన్ని వాడుకోండి. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఎఐ 2020 నిబంధనల ప్రకారం కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తిండి స్కూలు లోపల గానీ, గేటు నుంచి ఏ వైపైనా 50 మీటర్ల లోపు గానీ పిల్లలకి అమ్మకూడదు. ఆ బాధ్యత స్కూలు యాజమాన్యం మీద పెట్టారు. గేటు దగ్గర నుంచి అడుగులేసి చూడండి, ఎన్ని కొట్లు తగులుతాయో. ఇంకో నలుగురు తల్లిదండ్రులతో సంతకాలు పెట్టించి హెడ్‌మాస్టరుకి రాతపూర్వకంగా ఇవ్వండి, నోటిమాట చెప్తే మర్చిపోతారు. కదలిక లేకపోతే జిల్లా ఫుడ్ సేఫ్టీ ఆఫీసరుకి, లేదా ఫోన్లో ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో ఫొటోతో ఫిర్యాదు పెట్టండి.

కొట్టువాళ్లతో మాత్రం గొడవ పెట్టుకోకండి, వాళ్ల పొట్ట కొట్టినట్టవుతుంది, తర్వాత ఎవరూ మీ వైపు ఉండరు. దండ గుమ్మం దగ్గర్నుంచి తీసి లోపల గోడకి కట్టమని అడగండి. శనగలు, ఉండలు పెడితే మా ఇంటి నుంచి రోజూ ఇంత కొంటామని మాటివ్వండి, మిగిలినవి సాయంత్రం ఇద్దరు ముగ్గురు పంచుకుని తీసుకుంటే ఆయనకి పారబోత ఉండదు. ఆ పెద్దాయన విషయంలో లేకపోయింది ఆ భరోసానే.

బాబు ఎక్కువగా తినే రెండు మూడు ప్యాకెట్ల వెనకవైపు ఫొటోలు ఇక్కడ పెట్టండి, అక్షరాలు కనిపించేలా. ఏది ముందు మానిపించాలో లెక్క వేసి చెప్తాను.